ఇస్రాయేలు సార్ సినిమా ముచ్చట

"గ్లోరీ, సినిమా ఎట్లుంది?"

హాల్లోంచి ఇస్రాయేలు అడిగేసరికి గ్లోరీ మోచేతుల దాకా చేప పొలుసులే. చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా, కొంగు నడుముకు దోపి, వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుంది. కృష్ణా నది చేపలు, పొద్దునే పట్టినవంటూ రెండు కిలోలు తెచ్చి గిన్నెలో పడేసి పోయాడాయన. తెచ్చేవరకే ఆయన పని. అవతల టీవీలో సినిమా అయిపోయి పేర్లు పడుతున్న సంగీతం వినిపిస్తోంది. రెండున్నర గంటలు ఆ టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నది ఆయన, ఎట్లుందో చెప్పాల్సింది ఈమె. ఇదేం విడ్డూరమని కొత్తవాళ్లు ఎవరైనా ముక్కున వేలేసుకుంటారు. గ్లోరీకి అలా అనిపించడం ఎప్పుడో ఆగిపోయింది.

ఇస్రాయేలు హుజూర్‌నగర్ పక్క ఊళ్లో హైస్కూల్ సోషల్ టీచర్. కరోనా నాడు బడులు మూసినప్పుడు ఏం తోచక ఫోన్‌ను స్టాండుకు తగిలించి 'ఇస్రాయేలు సార్ సినిమా ముచ్చట' అని యూట్యూబ్‌లో మొదలుపెట్టాడు. మొదట్లో పాటలు బాగున్నాయి, ఫైట్లు బాగున్నాయి, ఫ్యామిలీతో ఒకసారి చూడొచ్చు అని చెప్పేవాడు. చుట్టాలు తప్ప పురుగు కూడా చూడలేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ గ్లోరీ మాటవరసకు అంది: "గా సినిమాల హీరో వాళ్లమ్మ నాలుగు సీన్లల్ల వడ్డిస్తది. గామె ఎన్నడన్న తిన్నదా?" ఆయన నవ్వాడు. మర్నాడు అదే మాట, అక్షరం పొల్లుపోకుండా, ఆయన వీడియోలో ఉంది. కింద జనం రాసిన మాటలు చూడాలి. సార్ మీ చూపే వేరు, ఆడవాళ్ల మనసు తెలిసిన మగవాడు మీరొక్కరే, మీ ఇంట్లో ఆడవాళ్లు అదృష్టవంతులు అని. ఆ అదృష్టవంతురాలు అప్పుడు ఆయన తిన్న కంచాలు తోముతోంది.

అప్పటినుంచి అదే అలవాటైంది. ఆయన సినిమా పెడతాడు. పావుగంటకు ఫోన్ అందుకుంటాడు, గంటకు కునుకు. చివరి పాటకు లేచి నోటుబుక్కు తీసుకుని వంటింటి గుమ్మంలో నిలబడతాడు. గ్లోరీ చెబుతూ పోతుంది, ఆయన రాసుకుంటూ పోతాడు.

తమాషా ఏమిటంటే గ్లోరీ ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసింది లేదు. ఆమె సినిమాలు వింటుంది. హాలుకు వంటింటికి నడుమ గోడ. పొద్దంతా అంగన్‌వాడీలో పిల్లల ముక్కులు తుడిచి, గుడ్లు ఉడకబెట్టి తినిపించి, రిజిస్టర్లు నింపి, నాలుగున్నరకు ఇంటికొస్తే మళ్లీ పొయ్యి. చెవులు మాత్రం గోడకు అవతల ఉంటాయి. ఎవరి చెప్పుల చప్పుడుకు ఎవరు భయపడుతున్నారో ఆమెకు తెలుసు. వంటింట్లో హీరోయిన్ ఆరు నిమిషాలు పాట పాడితే ఒక్క విజిల్ కూడా రాని కుక్కర్ సంగతి ఆమెకు తెలుసు, ఆ సీను రాసినవాడు జన్మలో పొయ్యి దగ్గర నిలబడలేదని కూడా తెలుసు. తన కుక్కర్ కూసినప్పుడు పోయిన మాటలను ముందువెనకలు చూసి తనే పూరించుకుంటుంది. మంచినీళ్లు ఇవ్వడానికి పోయినప్పుడు ఒక్క ముఖం కనిపిస్తుంది, ఏడుస్తూనో నవ్వుతూనో. ఒకసారి కాళ్లు నొప్పిపెట్టి మంచం అంచున కూర్చుంటే అత్త మారెమ్మ, "కూసున్నవా? పొయ్యి మీద పాలున్నయ్ సూడు. పని చేసుకుంట ఇంటె సాలదా, కండ్లు పెట్టి సూసేదేమున్నది" అంది. మారెమ్మ చెడ్డదేం కాదు. నలభై ఏళ్లు కూలికి పోయి నడుం వంచి కొడుకును చదివించిన మనిషి. తనను ఎవరూ కూర్చోనివ్వలేదు కాబట్టి కూర్చోవడం ఆడవాళ్లకు పడదనే అనుకుంటుంది.

"ఒక్కసారన్న నా పేరు చెప్పొచ్చు గద" అని గ్లోరీ ఒకప్పుడు అడిగింది. ఆయనకు నిజంగానే ఆశ్చర్యం వేసింది.

"ఏమని చెప్పాలె? మా ఇంటామె చెప్పిందని చెప్తె నవ్వరా? అయిన మనిద్దరం ఒకటే గద గ్లోరీ. నీది నాది అని ఉంటదా?"

ఒకటే! చేపలు కడిగేటప్పుడు, కంచాలు తోమేటప్పుడు, అత్త మోకాళ్లకు నూనె రాసేటప్పుడు ఈ ఒకటి ఎక్కడికి పోతుందో అని గ్లోరీకి కడుపు మండింది. ఊరుకున్నందుకు ఇంకా మండింది.

ఆ ఆదివారం సినిమా ఒక తమిళ డబ్బింగు. మొగుడు ఇల్లు విడిచి పోతాడు. ఆమె మిషన్ కుట్టి బిడ్డను పెంచుతుంది. పదిహేనేళ్లకు ఆయన తిరిగొచ్చి, అన్నం తిని, ఇల్లంతా కలియజూసి 'ఇల్లు ఏం మారలేదు' అంటాడు. ఆమె నవ్వుతుంది. నవ్వు ఆగదు. నవ్వుతుండగానే సినిమా అయిపోతుంది. గ్లోరీ చేప తల చెక్కుతూ ఆ మిషన్ చప్పుడు గురించి చెప్పింది, బిడ్డ తండ్రిని 'మీరు' అని పిలవడం గురించి చెప్పింది. ఆయన గబగబా రాసుకున్నాడు.

"అసలు ముచ్చట గా నవ్వులున్నది. గామె ఎందుకు నవ్విందంటే..."

"సాలు సాలు. మూడు నిమిషాలు దాటితె జనం చూడరు" అని నోటుబుక్కు మూసి, చొక్కా మార్చుకోవడానికి పోయాడు.

గ్లోరీ చేప తలను గిన్నెలో వేసి ఇంకోటి అందుకుంది.

ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. పది రోజులకు హుజూర్‌నగర్‌లోని ఆడపిల్లల డిగ్రీ కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ మేడం ఫోన్ చేసింది. మహిళా దినోత్సవానికి ముఖ్య అతిథిగా రావాలి, 'తెర మీద స్త్రీ' అని మాట్లాడాలి. ఇస్రాయేలు నేల మీద నిలబడలేదు. మూడు రోజులు గ్లోరీ చపాతీలు ఒత్తుతూ చెబితే నాలుగు పేజీలు రాసుకున్నాడు. చొక్కా ఆమే ఇస్త్రీ చేసింది. "నువ్వు గూడ రా. భార్యను తీస్కపోతె మంచిగుంటది" అన్నాడు.

కాలేజీ హాల్లో మూడొందల మంది అమ్మాయిలు. గ్లోరీ రెండో వరసలో ఆయన నీళ్ల బాటిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన బాగా మాట్లాడాడు, అది ఒప్పుకోవాలి. విజిల్ రాని కుక్కర్ దగ్గర హాలంతా నవ్వింది. వడ్డించి వడ్డించి ఎన్నడూ తినని తల్లి దగ్గర చప్పట్లు ఆగలేదు. ఒక లెక్చరర్ కళ్లు తుడుచుకుంది. సిగ్గులేని మనసు, గ్లోరీకి సంతోషమే వేసింది. నా మాట అనుకుంది. నా మాటకు ఇంతమంది చప్పట్లు కొడుతున్నారు అనుకుంది. ఒంటరిగా కూర్చుని తన పెళ్లి తనే చూసుకుంటున్నట్టు మురిసిపోయింది.

అప్పుడు ఆయన మైకు సర్దుకున్నాడు. "మా ఇంట్ల మాత్రం గీ ముచ్చట్లు నడవయి తల్లీ. అగో, మా మేడం అక్కడ కూసున్నది. ఆమెది సీరియల్ బ్యాచ్. రాత్రి ఏడైతె రిమోట్ నాకు దొరకదు. మంచి సినిమా పెడితె ఇంటర్వెల్ కాకముందే వంటింట్ల పడ్తది!"

మూడొందల తలలు రెండో వరస వైపు తిరిగి ఆమెను చూసి నవ్వాయి. వాళ్లది తప్పేం లేదు, నవ్వించాడు, నవ్వారు. గ్లోరీ కూడా నవ్వింది. పళ్లన్నీ కనపడేట్టు, తల వంచి, సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. ఆయనను క్షమించడం ఎప్పటికైనా కుదురుతుందేమో గానీ, ఆ నవ్వినందుకు తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేననిపించింది.

ప్రశ్నలు అడగమన్నారు. నీలం స్కార్ఫు కట్టుకున్న అమ్మాయి లేచింది. "సార్, నా పేరు జబీన్, బీఏ సెకండియర్. మీరు వీడియోల చెప్పిన గా తమిళ సినిమా నేను మూడుసార్లు చూసిన. మా అమ్మీకి గూడ చూపించిన. ఆఖర్ల ఆమె ఎందుకు నవ్వింది సార్? పాగల్ అయిందని మా అమ్మీ అంటది. నాకు గట్ల అనిపిస్తలేదు. మీరు చెప్తరని అడుగుతున్న."

"మంచి ప్రశ్న" అన్నాడు ఇస్రాయేలు. కాగితాలు తిరగేశాడు. నాలుగో పేజీ దాటి ఏమీ లేదు. తలెత్తి రెండో వరసలోకి చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఎలా చూస్తాడో అచ్చం అలాగే, కనుబొమలు ఎగరేసి. ఊఁ, చెప్పు, అన్నట్టు.

ఎంత ధీమా! ఇప్పుడే మూడొందల మంది ముందు ఆమెను బుర్రలేని దాన్ని చేసి, ఆ నవ్వుల చప్పుడు ఇంకా చల్లారకముందే, చేయి చాపి అడుగుతున్నాడు. అడిగితే ఇస్తుందనే ఆయన నమ్మకం. కుళాయి తిప్పితే నీళ్లు రాకుండా ఎక్కడికి పోతాయి? జవాబు ఆమె నాలుక చివరనే ఉంది. పెదాలు కదిపినా అందుకోగలడు, పదకొండేళ్ల కాపురం మరి. గ్లోరీ ఆయన కళ్లలోకి చూస్తూ నీళ్ల బాటిల్ మూత తీసింది. గటగటా తాగింది, మొత్తం తాగేసింది.

"అది... సంతోషం తల్లీ" అన్నాడు ఇస్రాయేలు. "పదిహేనేండ్లకు భర్త ఇంటికొచ్చిండు గద. ఆడదానికి అంతకన్న ఏం గావాలె?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రిన్సిపాల్ మేడం గొంతు సవరించుకుంది. జబీన్ "థాంక్యూ సార్" అని కూర్చుంది. ఆ పిల్ల ముఖం వాడిపోవడం గ్లోరీ చూసింది. ఆయన పరువు పోయినందుకు కలిగిన తృప్తి కాస్తా అక్కడే విరిగిపోయింది. ఈ పిల్ల ఏం పాపం చేసింది? మూడుసార్లు చూసి, తల్లితో కొట్లాడి, జవాబు కోసం వచ్చింది. ఆయన మీద కోపంతో దీని నోరెందుకు ఎండబెట్టాలి?

సన్మానం అయ్యాక బయట పులిహోర పెడుతున్నారు. గ్లోరీ వరసలో నిలబడ్డ జబీన్‌ను భుజం తట్టి పక్కకు పిలిచింది.

"మీ అమ్మీకి చెప్పు బిడ్డా, గామె పాగల్ కాలె. మొదట్ల గామె మాట్లాడితె అరిచి మాట్లాడ్తది, యాద్ జేస్కో. వంటింట్ల నుంచి, గోడ అవతలకెల్లి. ఆయన పోయినంక గిన్నెల సప్పుడు, మిషన్ సప్పుడు, బిడ్డ సదివే సప్పుడు అన్ని ఒక్కతాన్నే వినిపిస్తయ్. గామె గొంతు గూడ తగ్గుతది. నడిమిట్ల గోడ కూలగొట్టింది గామె. కూలగొట్టినట్టు ఎక్కడ చూపియ్యలె. గా మనిషి వచ్చి, గోడ లేని ఇంట్ల కూసోని, ఇల్లేం మారలె అంటడు. ఎన్నడన్న గోడ దిక్కు చూస్తె గద, పోయింది తెల్వనీకి."

జబీన్ చేతిలో పులిహోర ప్లేటు అలాగే ఉండిపోయింది. "యా అల్లా" అంది మెల్లగా. "మూడుసార్లు చూసిన మేడం, నాకు కనబడలె."

"నాకు గూడ కనబడలె. నేను విన్న."

గేటు దగ్గర బండి హారన్ మోగింది. శాలువా భుజం మీద వేసుకుని ఇస్రాయేలు. గ్లోరీ అటు చూడలేదు.

"ఇంకేం సినిమాలు చూడాలె మేడం? మీరు చెప్పండి" అంది జబీన్.

ఏ సినిమా ఎట్లుందని వందసార్లు అడిగారు గానీ, ఏది చూడాలని గ్లోరీని ఇంతవరకు ఎవరూ అడగలేదు. హారన్ మళ్లీ మోగింది, ఈసారి ఆపకుండా. గ్లోరీ ఒక సినిమా చెప్పింది. అందులో ఏం వినాలో చెప్పింది. తర్వాత ఇంకొకటి చెప్పింది. జబీన్ ఇద్దరు స్నేహితురాళ్లను కేకేసింది. వాళ్లు వచ్చాక మొదటినుంచి మళ్లీ చెప్పింది. ఎండలో చాలాసేపు నిలబడి చెప్పింది.

"నా ఇజ్జత్ తీసినవ్. నోట్ల ఏమన్న పెట్టుకున్నవా?" దారంతా తిట్టాడు ఇస్రాయేలు. వారమంతా మాట్లాడలేదు. ఆదివారం రాగానే మాత్రం కొత్త సినిమా పెట్టాడు, కోపం ఉన్నా వీడియో ఆగకూడదు కదా.

గ్లోరీ వంటింట్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి హాలు నడుమ, టీవీకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"పొయ్యి మీద ఏం పెట్టలేదా పిల్లా?" అంది మారెమ్మ, ఏదో కాలిపోతున్నంత కంగారుగా.

"పెట్టలె అత్తమ్మా. నువ్వు గూడ ఇటు జరుగు, మంచిగ కనబడ్తది."

ఇస్రాయేలు ముఖం వికసించింది. దిండు కింద నుంచి నోటుబుక్కు తీసి పెన్ను మూత ఊడబెరికాడు. "గిదే నేను చెప్పేది. దగ్గర కూసోని చూస్తె ఇంక మంచిగ చెప్తవ్."

"చెప్త" అంది గ్లోరీ, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "అడిగినోళ్లకు అందరికి చెప్త, నా పేరుతోనే చెప్త. నీకు చెప్ప. నీ కండ్లు నీకున్నయ్ గద, చూడు."