లోపలి నుంచి కట్టిన బండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. అమెరికాలో, ఉత్తర మినసోటాలోని ఆ ఊరి చుట్టుపక్కల సగం ఇళ్ళు వడ్రంగి క్లేటన్ కట్టినవే. పెళ్ళి కూడా రెండోది చేసుకున్నాడు. అంతటి మొనగాడిని అరవై ఆరేళ్ళ వయసులో ఒక బుల్లి పాత ట్రైలర్ మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

చిక్కంతా ఇళ్ళ దగ్గరే వచ్చింది. ఆర్లిస్‌ని పెళ్ళాడి ఏడాది దాటినా ఇద్దరికీ కలిపి ఒక ఇల్లంటూ కుదరలేదు. క్లేటన్ ఇంట్లో వంటగది ఇంకా మొదటి భార్య ఈలీన్‌దే. ఆమె పోయి ఏళ్ళు గడిచినా గరిటెలు ఆమె తగిలించిన కొక్కేలకే వేలాడుతున్నాయి. వాటిని జరపడానికి ఈయనకు చేతులు రావు, జరపమనడానికి ఆర్లిస్‌కు నోరు రాదు. పోనీ ఆర్లిస్ ఇంట్లో ఉందామంటే హాలు నిండా ఆమె మొదటి భర్త వెర్నన్ వేటాడి తెచ్చిన దుప్పి తలలు. వాటి కింద కూర్చుంటే అవన్నీ తన కాఫీలోకి తొంగిచూస్తున్నట్టే ఉంటుంది క్లేటన్‌కు. అందుకని కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ.

"ఈ వయసులో ఇదేం కాపురం ఆర్లిస్? సంచీ సర్దుకోవడంతోనే సరిపోతోంది" అన్నాడు ఒకరోజు.

"ముందు మనిద్దరిదీ అనే వస్తువు ఒక్కటి కొందాం. దాంట్లో ఒక వేసవి తిరిగొద్దాం. ఒకరి పీక ఒకరం పిసుక్కోకుండా తిరిగొస్తే, అప్పుడు చెప్తా నా ఇల్లు అమ్మాలో వద్దో" అంది ఆర్లిస్.

అలా వచ్చింది క్లేటన్ పెరట్లోకి ఆ ట్రైలర్, కారు వెనక తగిలించుకుని తిరిగే ఇంటిబండి. వయసులో క్లేటన్ కంటే పెద్దది. ముందూ వెనకా గుండ్రంగా, ఎక్కడా మూలలే లేకుండా ఉంటుంది. ఒక రైతు కొట్టం వెనక ఎన్నో చలికాలాలు మంచు కింద పడుండి, పైకప్పు నుంచి కారిన నీళ్ళతో లోపలంతా పాడైంది. పక్కింటి డ్వేన్ కంచె మీద మోచేతులు ఆనించి దాన్ని ఆసాంతం చూశాడు.

"కోళ్ళగూడుకైతే భేషుగ్గా ఉంటుంది. కోళ్ళు ఒప్పుకుంటాయో లేదో కనుక్కో" అన్నాడు.

వసంతంలో ఇద్దరూ కలిసి బయటి అల్యూమినియం రేకులు ఊడదీశారు. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళ గౌన్లు సరిచేసేది ఆర్లిస్. పట్టుబట్టతో పనిచేసిన చేతులు కాబట్టి రేకును కూడా పట్టులాగే చూసింది. ఒక్కోదాని మీద సుద్దముక్కతో కుడి, ఎడమ అని రాసి, మధ్య మధ్య పాత దుప్పట్లు పరిచి గ్యారేజీలో పడుకోబెట్టింది. "జోలపాట కూడా పాడతావా?" అని క్లేటన్ వెక్కిరించాడు. "నిన్ను పడుకోబెట్టాక పాడతాలే" అంది.

రేకుల కింద సన్నటి చెక్క బద్దల చట్రం బయటపడింది. పైన బాగానే ఉంది కానీ కింద వేలు పెడితే దిగబడేంతగా పుచ్చిపోయింది. ఒక బద్ద తీయాలి, దాని చోట కొత్తది పెట్టాలి, అప్పుడే ఇంకోటి ముట్టుకోవాలి. ఇద్దరూ అనుకున్న మాట అది.

ఇంతలో డులూత్‌లో ఉన్న చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అని ఆర్లిస్ సాయానికి వెళ్ళింది. ఇంట్లో ఒంటరిగా ఉన్న వడ్రంగికి సుత్తి ఊరుకోనివ్వదు కదా. ఆమె తిరిగొచ్చేసరికి కొత్త నేల వేసి ఆశ్చర్యపరచాలని క్లేటన్‌కు బుద్ధి పుట్టింది. నేల వెయ్యాలంటే లోపల ఖాళీగా ఉండాలి. ఇళ్ళు బాగుచేసేటప్పుడు ఎప్పుడూ చేసే పనే. గోడ నిలబడి ఉంటుంది, అల్మరా దాన్ని పట్టుకు వేలాడుతుంది. ఈ ధర్మం ఆయన ఒంట్లో ఇంకిపోయింది. అల్మరాలు, మంచాలు, పొయ్యిగట్టు అన్నీ పీకి బయట పచ్చిక మీద పేర్చాడు.

ఆ కాలపు ట్రైలర్లకు ఆ ధర్మం వర్తించదు. వాటిని లోపలి నుంచి బయటికి కట్టారు. ముందు నేల, నేల మీద అల్మరాలు, మంచాలు, ఆ తర్వాత వాటికి ఆనించి గోడలు, చివర్న రేకు. అంటే అక్కడ గోడను మోసేది అల్మరాయే. ఇల్లు కట్టడం బొత్తిగా రానివాడైతే భయపడుతూ ఒక్కొక్కటే తీసి బయటపడేవాడు. అన్నీ వచ్చిన క్లేటన్ మాత్రం దాని ఎముకలన్నీ ఒక్క పూటలో లాగేశాడు.

మధ్యాహ్నం దగ్గర్లోని సరస్సు మీంచి గాలి లేచింది. వంటగదిలో రొట్టె తింటున్న క్లేటన్‌కు కిర్రుమన్న చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే చట్రం తాగినవాడిలా ఒక పక్కకు వాలిపోయి ఉంది. కింద పుచ్చిన అతుకులు విడిపోయాయి, ముందున్న అందమైన వంపు చదునైపోయింది. ఆయన మెట్ల మీదే కూలబడ్డాడు. పోయింది ట్రైలర్ ఒక్కటే అయితే అంత బాధ లేదు. ఇది లేకపోతే ఆ వేసవి ప్రయాణమూ లేదు. అది లేకపోతే ఆర్లిస్ దుప్పి తలల కిందే ఉండిపోతుంది, తను గరిటెల మధ్య ఉండిపోతాడు.

డ్వేన్ గొలుసు భుజాన వేసుకుని వచ్చాడు.

"దిగులెందుకు? నా ట్రాక్టరుకి కట్టి నిలబెట్టేద్దాం. లోపల ప్లైవుడ్ కొట్టెయ్. రేకు కప్పాక కింద ఏముందో దేవుడికి కూడా తెలీదు, ఇక ఆర్లిస్‌కేం తెలుస్తుంది?"

క్లేటన్ గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. ఆయనేమీ సత్యహరిశ్చంద్రుడు కాదు. కొక్కెం ఎక్కడ తగిలించాలో కూడా చూసుకున్నాడు. కానీ వాళ్ళిద్దరికీ కలిపి ఉన్నది ఈ ఒక్క వస్తువు. దాని గోడలో అబద్ధం పెట్టి, ఆ గోడ పక్కనే ఆమెతో ఎలా పడుకుంటాడు? గొలుసు తిరిగి డ్వేన్ భుజాన వేసి, లోపలికి వెళ్ళి ఫోన్ తీశాడు.

"ఆర్లిస్, ట్రైలర్ పాడుచేశాను. గాలి వచ్చిందనుకో, కానీ తప్పు గాలిది కాదు, నాది. నీకు చెప్పకుండా లోపలంతా పీకేశాను. కూలబడింది."

ఆర్లిస్ ముందు అడిగింది ఒక్కటే.

"నీ మీద పడలేదు కదా?"

"లేదు."

"సరే. నువ్విక దాన్ని ముట్టుకోకు. చెల్లి లేచి తిరగ్గానే వస్తా."

ఆ 'ముట్టుకోకు' అన్న మాట క్లేటన్ గుండెల్లో రాయిలా పడింది. అంతా అయిపోయిందనే అనుకున్నాడు.

ఆర్లిస్ వచ్చింది. కారు దిగిన మనిషి కోటు కూడా విప్పకుండా దాని చుట్టూ తిరిగింది. అరుస్తుందని క్లేటన్ కాచుకున్నాడు. అరవలేదు.

"తిరిగి కట్టలేవా?" అంది.

"ఎలా కట్టను? తిన్నని గీత ఒక్కటుంటే కదా! అన్నీ వంపులే. టేపు ఎక్కడ పెట్టి కొలవాలో తెలీడం లేదు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, గీసిన బొమ్మలూ లేవు."

"బొమ్మలు నా దుప్పట్ల మధ్య ఉన్నాయిగా. పద, గ్యారేజీలోకి."

నేలంతా గౌన్ల నమూనాలు గీసే పెద్ద గోధుమరంగు కాగితం పరిచింది. దాని మీద ఎడమ పక్క రేకు పెట్టింది. క్లేటన్ అర్థంకాక చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మమ్మ గౌను తెచ్చి ఇలాంటిదే కుట్టమంటుంది పెళ్ళికూతురు. ఆ అమ్మమ్మ నమూనా దాచిపెట్టుకుని పోయిందా ఏంటి? కుట్లు విప్పి పరిస్తే ఆ గుడ్డే చెప్తుంది ఎక్కడ ఏముందో."

"ఇది రేకు, ఆర్లిస్."

"మరీ మంచిది. సాగదు."

రేకు అంచు వెంబడి పెన్సిల్ తిప్పింది. అదే ట్రైలర్ వంపు. తర్వాత పాత మేకుల రంధ్రాలు ఒక్కొక్కటీ వెతికి కాగితం మీద చుక్కలు పెట్టింది. రేకును ఎత్తి పక్కన పెట్టాక ఆ చుక్కలు వరసలు కట్టి కనిపించాయి. ప్రతి మేకూ ఒకప్పుడు ఏదో ఒక బద్దలోకే దిగింది కాబట్టి, ప్రతి వరసా ఒక బద్ద. చట్రం మొత్తం ఆ కాగితం మీద పడుకుని ఉంది. క్లేటన్ మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. తను కొలిచి కొలిచి వదిలేసినదాన్ని ఈమె కొలవకుండానే పట్టుకుంది. ఈ మనిషి తన భార్య కావడం తన అదృష్టమని పెళ్ళినాడు పదిమంది ముందు అన్నాడు. అప్పుడు మర్యాదకు అన్నాడు, ఇప్పుడు నమ్మాడు.

కుడి రేకు పరిచేసరికి ఇంకో సంగతి బయటపడింది. అది ఎడమదానికంటే బొటనవేలి వెడల్పంత ఎక్కువుంది.

"ఎవడో తాగి కోశాడు. రెండూ సమానం చేసేస్తా" అన్నాడు క్లేటన్.

"చెయ్యకు. ఏ పెళ్ళికూతురికీ రెండు భుజాలు సమానంగా ఉండవు. దేని బద్దలు దాని కొలతకే కొయ్యి. నువ్వు సమానం చేశావా, పైన ముడతలు పడతాయి."

ముప్పావు అంగుళం తేడా కనబడితే నిద్రపట్టని మనిషి, నోరుమూసుకుని దేనికది కోశాడు. ఆ వేసవంతా కాగితం మీద ఆమె చుక్క, చుక్క మీద ఆయన బద్ద. ఈసారి అల్మరాలు ముందు నిలబెట్టాడు, గోడలు తర్వాత తెచ్చి వాటికి ఆనించాడు. రేకు వెనక్కి వేసేటప్పుడు పాత రంధ్రాల్లోనే మరమేకులు దిగుతుంటే డ్వేన్ కంచె అవతల కోళ్ళ ఊసెత్తడం మానేశాడు.

చివరి రేకు పడేసరికి చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. క్లేటన్ తలుపు లాగాడు. ఒత్తకుండానే టక్కుమని పడింది. లోపల ఆర్లిస్ బల్ల దగ్గర కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తోంది. ఎదురుగా కూర్చున్నాడు, కానీ ఆయన మొహంలో సంబరం లేదు.

"వేసవి అయిపోయింది ఆర్లిస్. నా వల్లే. వచ్చే ఏడాది దాకా నువ్వు ఏదీ తేల్చనక్కర్లేదు. ఆగుతాను."

"ఆగడమెందుకు? నా ఇల్లు అమ్మకానికి ఇచ్చేశాగా."

"ఎప్పుడు?"

"నువ్వు డులూత్‌కి ఫోన్ చేసిన రోజే. నీ ఫోన్ పెట్టేసి ఇళ్ళ ఏజెంటుకి చేశా. నేను చెప్పేదాకా ఇంటి ముందు అమ్మకం బోర్డు పెట్టొద్దన్నా."

"ఆ రోజు ఇది కూలిపోయుంది కదే!"

"అవును."

"మరి వేసవంతా నన్నెందుకు చంపావు?"

"ముందే చెప్తే ఆ కుడి పక్క నన్నడక్కుండా కోసేసేవాడివి" అని నవ్వింది. ఆ తర్వాత కప్పు పక్కన పెట్టి, నవ్వు లేకుండా చెప్పింది. "వెర్నన్ మంచివాడు క్లేటన్. దేనికీ లోటు చెయ్యలేదు. ఒక చలికాలం మంచు తోసే బండిని వెనక్కి నడిపి గ్యారేజీ గోడ కూల్చేశాడు. ఆ గోడ అక్కడెందుకు కట్టారని బతికున్నన్నాళ్ళూ నన్నే అడిగాడు."

క్లేటన్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"తప్పు తనదేనని ఒక మగాడు నాకు ఫోన్ చేసి చెప్పడం అదే మొదటిసారి" అంది ఆర్లిస్. "నా ఏడుపు చూసి మా చెల్లి కంగారుపడి ఎవరు పోయారని అడిగింది."