వాగు మధ్య రెండు దీపాలు

పూతలపట్టు దాటాక వాగులో బస్సు అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. ప్రయాణికులంతా టాపెక్కారు. పొద్దు గూకేసరికి నీళ్లు కిటికీలను ముంచేశాయి. ఎంత అరిచినా పలికేవాళ్లు లేరు. గట్టు కనిపించడం లేదు. దూరంగా రెండు దీపాలున్నాయి, ఒకటి ధగధగా, ఇంకొకటి గుడ్డిగా.

వాళ్లలో తిరుపతి కాలేజీలో ఖగోళశాస్త్రం చెప్పే జ్ఞానాంబ ఉంది. ఆమె తమ్ముడు కుప్పుస్వామి టాపు మీది సామాన్ల తాడు విప్పి, ఒక కొస నడుముకు కట్టుకుని, మిగతా చుట్ట ఆమెకిచ్చాడు.

"పెద్ద దీపం దగ్గిరుండాది అక్కా. ఆడికే ఈది తాడు గట్టున కడతా."

"బాగా వెలిగేదే దగ్గిరని ఎవురు సెప్పినార్రా? నక్షత్రాల్ని సూసి కూడా జనం ఇట్లే మోసపోతారు."

"పాఠం తిరప్తిలో సెప్పుకో. నీళ్లు పైకొస్తా ఉండాయి."

ఆమె వినలేదు. టాపు ముందు కొసన కూర్చుని దీపాలను వాటి వెనక నల్లగా కనిపిస్తున్న కొండతో పోల్చి చూసింది. వెనక కొసకు పాకి మళ్లీ చూసింది. పెద్ద దీపం కొండ పక్కనే అంటుకుని ఉంది. గుడ్డిది మాత్రం శిఖరానికి ఈ పక్కనుంచి ఆ పక్కకు జరిగింది.

"గుడ్డిదే దగ్గిర. మనం జరిగితే దగ్గిరుండేదే ఎక్కువ జరిగినట్టు కనపడతాది. భూమి సూర్యుడికి ఆ పక్కకు పొయ్యేదాకా ఆర్నెల్లు ఆగి, నక్షత్రం ఎంత జరిగిందో ఇట్లే సూస్తారు."

"ఆర్నెల్లు ఈడే కూసోమనలేదు, సంతోషం. తప్పైతే?"

జ్ఞానాంబ అతని నడుము దగ్గర ముడి బిగించింది. అతను గుడ్డి దీపం వైపు దూకాడు. తాడు ఆమె అరచేతులను ఒరుసుకుంటూ పోయి, చటుక్కున ఆగింది.

అవతలి గట్టు మీంచి ఎవరో లాగినట్టు తాడు బిగిసింది. తాడు చుట్టలో సగం ఇంకా ఆమె ఒడిలోనే ఉంది.