బంతి ఉన్న ఇల్లు

మా ఆయన కేసా, మరైగూడ ఊరుమ్మడి ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షుడు. ఇంట్లో మంచం నవారు బిగించమంటే నడుము నొప్పి, క్లబ్బు మీటింగంటే మాత్రం పిలవకముందే చెప్పులేసుకుంటాడు. ఆ క్లబ్బుకు యజమాని అంటూ ఒకరు లేరు. ఏటా ఇంటికో గంప ఇప్పపువ్వు ఇస్తే చాలు, ఊరంతా యజమానులే. నేను కాపురానికొచ్చి ముగ్గురు పిల్లల్ని పెంచాను గానీ, అంతకు ముందునుంచీ ఉన్న ఈ క్లబ్బు ఒక్క కప్పు తేలేదు.

దానికి కారణం పాత కట్టుబాటు. ఉన్నది ఒకే బంతి. అది వంతు ప్రకారం వారానికో ఇంట్లో ఉంటుంది. ఎవరింట్లో ఉంటే ఆ ఇంటివాళ్ళలో ఒకరు ఆ వారం గోల్‌లో నిలబడాలి. ఒక వారం పూనం అనే ఆయన నిలబడి ఆట సాగుతుంటే పొగాకు నలుపుకున్నాడు. ఇంకో వారం హుంగా గోల్ గుంజకు ఆనుకుని నిద్రపోయాడు, గోలు పడ్డాక చప్పట్లకు లేచి తనూ కొట్టాడు. ప్రతి ఓటమికీ మా ఆయన, "ఓడితే ఓడినం, కట్టుబాటు తప్పలే" అని ఛాతీ విరుచుకునేవాడు.

తర్వాత ఆడలేక మద్దెల ఓడన్నట్టు బంతిని తిట్టేవారు. బంతిలో గాలి నిలవదు, నిజమే. రోజూ కొట్టాలి. కొట్టేది మేమే, నీళ్ళు మోసినట్టే అదీ ఆడవాళ్ళ పని. పంపు ఏ సైకిలువాడి దగ్గరైనా దొరుకుతుంది. బంతికి గుచ్చే సూది మాత్రం ఊరికంతా ఒక్కటే. పోతుందని బంతి ఉన్న ఇంటి ఆడమనిషి దాన్ని కొప్పులో పెట్టుకుంటుంది.

ఈ ఏడు కప్పు పోటీలకు వానల పుణ్యమా అని రెండు జట్లు రాలేకపోయాయి, మేం సెమీఫైనల్‌కు చేరాం. సరిగ్గా ఆ వారం బంతి బుధ్రి అత్త ఇంటికి వెళ్ళింది. ఆ ఇంట్లో ఉన్నది ఆమె, ఆమె కూతురి బిడ్డ దేవే, ఇద్దరే. జగ్దల్‌పూర్ హాస్టల్లో చదివినన్నాళ్ళూ దేవే గోల్‌లోనే నిలబడింది. ఊరికి తిరిగొచ్చినప్పటినుంచీ తమ వంతు కోసం కాచుకుని ఉంది. "అత్తా, ఈసారి నేనే" అని నాతో చెప్పినప్పుడు ఆ పిల్ల మొహంలో పండగే.

కమిటీ మొహాలు మాత్రం మాడిపోయాయి. కొంటా పట్నం నుంచి ఆదినారాయణ సేఠ్ ముఖ్య అతిథిగా వస్తున్నాడు, ఆయన ముందు గోల్‌లో ఆడపిల్ల ఉంటే పరువేం కావాలని వాళ్ళ దిగులు.

"మగదిక్కు లేని ఇల్లు. దాన్ని గూడ వంతుల లెక్కెయ్యాల్నా?" అన్నాడు మా ఆయన, మా అరుగు మీద కూర్చునే.

"ఇప్పపువ్వు తీస్కునేటప్పుడు లెక్కేసిండ్రు గద" అన్నాను లోపలినుంచి. ఆయనకు వినబడలేదు. అన్నానికి పిలిస్తే తప్ప ఆ చెవులు పనిచెయ్యవు.

మ్యాచ్ ముందురోజు సాయంత్రం బుధ్రి అత్త ఇంటికెళ్ళి, "సేఠ్‌కు చూపించి తెస్త" అని బంతి పట్టుకొచ్చి మా అటక మీద పెట్టాడు. "వచ్చే వారం ఎట్లైనా మన వంతే. ఒక్కరోజు ముందొచ్చింది, అంతే. రేపు గోల్‌ల నేనే" అన్నాడు. దేవే ఏడ్చిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

తెల్లారి మైదానానికి తెచ్చేసరికి బంతి బాగా మాగిన సీతాఫలంలా ఉంది. సేఠ్ గర్వంగా అట్టపెట్టె విప్పి కొత్త బంతి తీశాడు. అదీ గాలి లేకుండా మడతబడి ఉంది. మా మీద ఆడాల్సిన కొంటా జట్టు బూట్లు తెచ్చుకుంది గానీ బంతి తెచ్చుకోలేదు.

"సూదేది?" అన్నాడు రిఫరీ.

కమిటీ అంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో ఒక్క మగాడూ గాలి కొట్టి ఎరగడు. బంతి గాలితోనే పుడుతుందనుకున్నారు కాబోలు. మా ఆయన నా కొప్పు వైపు చూశాడు.

"నా వంతు రేపు గద" అన్నాను.

బుధ్రి అత్త గట్టు మీద కూర్చుని ఉంది, నెరిసిన కొప్పులో సూదితో. మా ఆయన తేలు కుట్టిన దొంగలా వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు.

"పెద్దమ్మా, సూది ఇయ్యి."

"ఈ వారం బంతి ఎవలింటిది?"

ఊరంతా వింటోంది. సేఠ్ కూడా వింటున్నాడు.

"మీ ఇంటిదే" అన్నాడు చివరికి.

"అయితే మా పిల్లను నిలబెట్టు."

దేవే నిలబడింది. ఆ పిల్ల ఎగిరి బంతులు పడుతుంటే హుంగా కూడా ఆటంతా మెలకువగానే ఉన్నాడు. ఒకటి సున్నాతో గెలిచాం. మేలైన గోల్‌కీపర్‌కని సేఠ్ ముందే కొనుక్కొచ్చిన బహుమతి గడ్డం గీసుకునే సెట్టు. దేవే దాన్ని తెచ్చి మా ఆయన చేతిలో పెట్టి, "మామా, నీకైతే పనికొస్తది" అంది.

మర్నాడు అదే మా ఆయన బంతి చంకన పెట్టుకుని బుధ్రి అత్త వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. ఫైనల్ ఆ వారం చివర్లోనే, కిరండూల్ వాళ్ళతో.

"ఇంకో వారం మీ ఇంట్లనే ఉంచుకో పెద్దమ్మా. కట్టుబాటుదేముంది, మనం పెట్టుకున్నదే గద" అన్నాడు.

"తప్పొద్దు కేసా. వంతు మీది." ఆమె లేచొచ్చి, సూది తీసి నా కొప్పులో గుచ్చింది.

దేవేకు ఆడాలనే ఉంది, అది మొహంలో తెలుస్తూనే ఉంది. నా కొప్పులోని సూది వైపు చూసింది. "పొద్దుగాల మైదానానికి రా అత్తా" అంది.

వారమంతా దేవే బంతి తన్నింది, నేను పట్టాను. మొదట్లో భయపడి తల తిప్పుకుంటే, "కండ్లు మూస్తే బంతి ఆగదత్తా" అని కసిరేది.

ఫైనల్ రోజు మా ఆయన గ్లవ్స్ తొడుక్కుని గడపలో గుంజిళ్ళు తీస్తున్నాడు. నేను బంతికి గాలి కొట్టి, సూది కొప్పులో పెట్టుకుని, కొంగు దోపుకున్నాను.

"అవి ఇటియ్యి" అన్నాను.

"ఏందే?"

"బంతి మన ఇంట్ల ఉంది. నేనూ ఈ ఇంటిదాన్నే."

ఆయన వాకిట్లోకి చూశాడు. దేవే, బుధ్రి అత్త, సగం ఊరి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒక్కో వేలూ లాగి గ్లవ్స్ తీశాడు. నా చేతులకు కాస్త వదులయ్యాయి. తొడుక్కుని బయల్దేరాను.