పన్నెండో ఫైలు

కోలారు బంగారు గనుల ఊరు మారికుప్పంలో రైలు కదలకముందే మూర్తి కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇరవైరెండేళ్లుగా పొద్దున్నే ఇదే రైలు. విదేశాలకు పనివాళ్లను పంపే ఒక బెంగుళూరు ఆఫీసులో ఒప్పంద పత్రాలు చదివి, సరిగా ఉంటే ముద్ర వేయడం అతని పని. చిన్న కాలేజీలో అంతర్జాతీయ సంబంధాలు చదివినందుకు దక్కింది అదే. అతనుండే గని కార్మికుల లైన్ ఇళ్లలో మాత్రం అతని పేరు ఇప్పటికీ అంబాసిడరే.

"అంబాసిడరన్నా, నువ్వు నిద్దరపోతే దేశం గతేంగావాల?" అంటూ పాండు పక్కన కూర్చున్నాడు. అదే లైన్లో నాలుగో ఇల్లు. ఆఫ్రికాలో ఒక బంగారు గనిలో డ్రిల్లరు పని దొరికింది. ఆ రోజే మూర్తి ఆఫీసులో సంతకం. "ఒక తూరి చూడన్నా" అని కాగితాలిచ్చాడు.

మూర్తి తొమ్మిదో పేజీలో ఆగాడు. "రెండేళ్లు నీ పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంటాదంట పాండూ."

"మంచిదే గదన్నా! నా దగ్గరుంటే యాడన్నా పారేసుకుంటాను. మా తాతకి ఇల్లు, కరెంటు, ఆస్పత్రి అన్నీ కంపెనీనే ఇచ్చినాది."

"కంపెనీతో సరిపడకుంటే మీ తాత మూట కట్టుకోని పలమనేరు దిక్కు సొంతూరికి నడిచిపొయ్యుంటాడప్పా. నువ్వు సముద్రం మీద నడుస్తావా?"

పాండు కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. బంగారుపేట దాటాక, "మాల కాన్పుకి దినాలు లెక్కబెడతా ఉండాదన్నా, దుడ్లు గావాల" అన్నాడు. మాల అతని భార్య.

మూర్తి చదివిన కాలేజీలో అంతర్జాతీయ సంబంధాల క్లాసుకు నలుగురే విద్యార్థులు. శ్రీకంఠయ్య మేష్టారు దేశాల ఒప్పందాలు చదివించి ఒకటే అడిగేవారు: "ఇందులో చిన్నవాడు వద్దనుకుంటే బయటపడగలడా?" మూర్తి రాయబారి కాలేదు గానీ, ఆ ప్రశ్నతోనే ఇన్నేళ్లు ఉద్యోగం చేశాడు.

ఆఫీసులో ముద్ర వేయకుండానే పాండు ఫైలు తీసుకెళ్లి గగన్ బల్ల మీద పెట్టాడు. గగన్ మేనేజరు, మూర్తికి కొడుకు వయసువాడు.

"ఈ షరతు తీసేయమని గనివాళ్లకి రాయండి."

గగన్ ఇబ్బందిగా చూశాడు. "పోయిన వారం ఇదే ఒప్పందానికి పదకొండు ఫైళ్ల మీద మీరే ముద్ర వేసినారు సార్. శుక్రవారం వాళ్లు విమానం ఎక్కుతారు."

మూర్తి ఆ ఫైళ్లు తెప్పించి చూశాడు. తొమ్మిదో పేజీ, అదే షరతు, కింద తన ముద్ర. చదివిన జ్ఞాపకం కూడా లేదు. ఈమధ్య మధ్యాహ్నం దాటితే చేతులే పని చేస్తున్నాయి.

వెనక నిలబడ్డ పాండు అడిగాడు. "వాళ్లకి తెలుసునా?"

"తెలీదు."

"నాకు చెప్పినావే!"

"నువ్వు పక్కన కూచున్నావు గదప్పా."

"ఇప్పుడు కదిలిస్తే గనివాళ్లు మనల్నే వద్దంటారు" అన్నాడు గగన్. "మీ ఉద్యోగం కూడా మిగలదు సార్."

"తెలుసు."

గగన్ బల్ల మీది ఫోను మూర్తి వైపు జరిపి, బయటికి పోతూ తలుపు దగ్గరగా వేశాడు.

పాండు తన కాగితాలు సంతకం లేకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని, పదకొండింటిలో మొదటి ఫైలు తెరిచి, ఫోను నంబరు ఒక్కొక్క అంకె చొప్పున చదువుతుంటే మూర్తి నొక్కాడు.

"హనుమంతప్పా, నేను మూర్తిని. నీ కాగితాలు సరిగా చూడకుండా ముద్రేసినాను. చెప్తాను, ఇను."