పద్దెనిమిది సున్నాలు

శశికాంత్ ఉద్యోగమే తప్పులు పట్టడం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, నోవై ఊళ్లో కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే టీమ్‌కి లీడ్. ఎవడైనా ఒక్క లోపం దాచి రిపోర్ట్ పంపాడా, ఆ రోజు వాడికి మూడిందే. "ఉన్నది ఉన్నట్టు రాయండయ్యా! ఇక్కడ దాస్తే రోడ్డు మీద బయటపడుతుంది" అని వాయించేస్తాడు. అంతటి నిజాయితీపరుడి ఇంటికి ఒకనాడు స్కూల్ నుంచి ఫారం వచ్చింది.

కూతురు రిషిత నాలుగో తరగతి. తెలివికేం లోటు లేదు, లోటంతా నిలకడకే. లెక్క చేస్తుండగా కిటికీలోంచి ఉడుత కనబడిందా, ఇక లెక్క సంగతి అంతే. ఈ చలికాలంలోనే నాలుగు జతల గ్లవ్స్ పోగొట్టింది. మిగిలిపోయిన పని పూర్తిచేయడానికి ఆటల టైమంతా క్లాసులోనే ఒంటరిగా కూర్చుంటోంది. టీచరు చూసి చూసి, "ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస కుదురుగా నిలవని సమస్య, ఉందేమో తేల్చుకుందాం. ఉంటే ముందు వరసలో సీటు, పరీక్షకు ఎక్కువ టైం, మధ్యలో లేచి తిరిగే వీలు ఇస్తాం. ఆటల టైం తనకే ఉంటుంది" అంది.

ఫారంలో పద్దెనిమిది ప్రశ్నలు. ఎప్పుడూ లేదంటే సున్నా, అస్తమానం ఉంటే మూడు. ప్రశ్నలున్న కాగితం కంటబడితే మనవాడికి ఎంసెట్ పూనుతుంది కదా! శశికాంత్ తలుపేసుకుని, ఎన్ని మార్కులు దాటితే పిల్లకు జబ్బంటారో గంటసేపు నెట్‌లో చదివి, పద్దెనిమిదింటికీ సున్నా చుట్టాడు.

"అదేంటండీ, వస్తువులు పోగొట్టుకుంటుందా అన్నదానికీ సున్నానా?" అంది భార్య గీతాంజలి.

"మిషిగన్‌లో గ్లవ్స్ పోగొట్టుకోని వాడెవడు? ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. టెంపుల్‌లో కలిసే ఆ కేశవరావు అంకుల్ చెవిన పడిందంటే టెంపుల్ పార్కింగ్ లాట్ దాటకముందే ఊరంతా టాంటాం."

"ఫారం వెళ్లేది స్కూల్‌కి. టెంపుల్‌కి కాదు."

"రికార్డ్‌లో పర్మనెంట్‌గా ఉండిపోతుంది గీతా, నీకు తెలీదు. రిషీ! ఒక్కచోట కూర్చోలేవా? రోజుకి ఎన్నిసార్లు అరవాలి నీ మీద?"

కుదురుగా కూర్చోలేకపోతుందా అన్న ప్రశ్నకు సున్నా దిద్దుతూనే అరిచాడీ మహానుభావుడు. గీతాంజలికి ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకుని సంతకం పెట్టింది. అది మాత్రం ఆమె తప్పే.

పది రోజులకు పిల్లతో సహా రమ్మన్నారు. శశికాంత్ ఇంటర్వ్యూకి వెళ్లినట్టు టై కట్టుకు వెళ్లాడు. స్కూల్ సైకాలజిస్ట్ మాయ రెండు ఫారాలు పక్కపక్కన పరిచింది. తెలుగు రాని మనిషి, నెమ్మదిగా ఇంగ్లీషులోనే చెప్పింది. "టీచర్ పద్నాలుగింటికి మూడు వేశారు. మీరు అన్నిటికీ సున్నా వేశారు. స్కూల్‌లోనూ ఇంట్లోనూ కనిపిస్తేనే దీన్ని ఏడీహెచ్‌డీ అంటాం. ఇంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే ఈ సాయం మేం ఇవ్వలేం."

శశికాంత్ మొహం మతాబులా వెలిగింది. పాసైపోయాడు!

తిరిగే కుర్చీలో గిరగిరా తిరుగుతున్న రిషిత టక్కున ఆగి, ఫారం కేసి వంగి చూసింది.

"నాన్నా, ఇంట్లో నేను గుడ్‌గా ఉంటానా?"

"అవును తల్లీ."

"ఆల్వేస్?"

"ఆల్వేస్."

"మరి ఎవ్రీ డే ఎందుకు నా మీద అరుస్తావ్?"

పిల్ల ఏడవలేదు, దెప్పలేదు. పాపం, నిజంగానే తెలియక అడిగింది. ఇన్నాళ్లూ తను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంటోందని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. శశికాంత్ ఫారం కేసి చూశాడు. ఫారం నిజమైతే ఏ తప్పూ లేని పిల్లను రోజూ తిట్టినట్టు. తిట్లు నిజమైతే ఫారం అబద్ధం.

"తనేమంది?" అని అడిగింది మాయ.

గీతాంజలి చెప్పబోయింది. శశికాంత్ చెయ్యి అడ్డుపెట్టి, కూతురు అడిగిన మాటలు ఒక్కటీ దాచకుండా ఇంగ్లీషులో తానే చెప్పాడు.

"ఇంకో ఫారం ఇస్తారా? నేను రాసింది తప్పు" అన్నాడు.

కొత్త కాగితాన్ని గీతాంజలి ముందుకు తోశాడు. "నువ్వే రాయి."

ఆమె మొదటి ప్రశ్నకు మూడు చుట్టింది. రెండోదానికీ మూడే. అలా పద్దెనిమిదో ప్రశ్న దాకా ఉన్నది ఉన్నట్టు రాసింది. పక్కన రిషిత మళ్లీ కుర్చీలో గిరగిరా తిరుగుతోంది. ఈసారి ఎవరూ అరవలేదు.