మస్టర్ పేరు

ఇరవై ఒక్క నిమిషాల పాటను నలభై సెకన్లకు కోసి, దాని మీద డ్రోన్‌తో తీసిన ఓపెన్‌కాస్టు గనుల దృశ్యాలు అతికించి చూపించినప్పుడే జైపాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పాట పుట్టింది భూమి లోపలి గనిలో. టీవీ వాళ్ళకు పైనుంచి కనిపించేదే గని. అయినా పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. ఆ ఆదివారం సాయంత్రం ఆయన కాచుకుని కూర్చున్నది పాట కోసం కాదు, ఒక్క పేరు కోసం.

ఆ పేరు ముత్యం. "నాలుగో సీమ్" బ్యాండుకు డ్రమ్మర్.

నాలుగో సీమ్ అంటే గనిలో నాలుగో బొగ్గు పొర. ఆ పేరు పెట్టుకుని తొంభైల మొదట్లో గోదావరిఖనిలో నలుగురు కుర్రాళ్ళు ఒక బ్యాండు కట్టారు. వాళ్ళు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని వాళ్ళకే చాలా రోజులకు గాని తెలియలేదు. పాట ఎత్తుకుంటే పావుగంటకు గాని దించరు. నడుమ తాళం మారుతుంది, వేగం మారుతుంది, పల్లవి మళ్ళీ వస్తుందనే నమ్మకం లేదు. వినాయక మండపాల వాళ్ళు సినిమా పాటలకని పిలిచి, సగంలో మైకు కట్టేసిన సందర్భాలు బోలెడు. ఆ మైకు మళ్ళీ పెట్టించడానికి కొట్లాడినవాళ్ళలో జైపాల్ మొదటివాడు. హాలేజీ ఆపరేటరుగా పొద్దంతా బొగ్గు టబ్బులు లాగించి, సాయంత్రం వీళ్ళ స్పీకరు డబ్బాలు మోసేవాడు. బ్యాండు ఎనిమిదేళ్ళు నడిచి, రెండు క్యాసెట్లు తెచ్చి, ఆగిపోయింది. జైపాల్ మాత్రం ఆగలేదు. యాభై ఆరేళ్ళ వయసులో అరవై ఒక్కమంది అభిమానులతో వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాడు.

ముత్యం గనిలో టింబర్‌మన్. గని కప్పును ఇనుప కడ్డీతో తట్టి, రాయి గట్టిదా బోలుదా అని చెవితో తేల్చి, కింద దుంగలు నిలబెట్టే పని. డ్రమ్ముల ముందు కూర్చున్నా అతని వాయింపు అట్లాగే ఉండేది. తట్టేవాడు, ఆగి వినేవాడు, తర్వాత దెబ్బ వేసేవాడు. ఆ ఆగడంలోనే ఉంది మజా అంతా అని జైపాల్ ఇప్పటికీ కొత్తవాళ్ళకు ఓపిగ్గా చెబుతాడు.

అయితే గనిలో అతను ముత్యం కాదు. మస్టర్‌లో, అంటే కంపెనీ హాజరు పుస్తకంలో, అతని పేరు కిషన్. చిన్నాయన కొడుకు కిషన్‌కు ఉద్యోగం కాగితం వస్తే, వాడు వారం రోజులు లోపలికి దిగి, కప్పు చూసి జడిసి పారిపోయాడు. ఆ కాగితం మీద ముత్యం దిగాడు. మారుపేరు ఉద్యోగాలు బొగ్గు బావుల దగ్గర వింతేం కాదు, వాడకు పది ఉంటాయి. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. గిట్టనివాడు ఒక్క ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేస్తే విచారణ వస్తుంది, ఉద్యోగం ఊడుతుంది. అందుకని ముత్యం ముప్పై ఏళ్ళు జీతం చీటీ మీద కిషన్‌గా ఉన్నాడు, ఆధార్ కార్డు మీద కిషన్‌గా ఉన్నాడు. రెండేళ్ళ కింద పోయినప్పుడు చౌరస్తాలో కట్టిన సంతాపం ఫ్లెక్సీ మీద కూడా కిషన్‌గానే ఉన్నాడు. ముత్యం అని అచ్చులో కనిపించేది ఆ రెండు క్యాసెట్ల అట్టల మీదే.

టీవీలో బ్యాండు మీద డాక్యుమెంటరీ వస్తుందని తెలిసినప్పుడు అతని భార్య సారవ్వ జైపాల్‌ను ఒకే ఒక్క మాట అడిగింది.

"అన్నా, అండ్ల ఆయన పేరు చెప్తరా?"

"చెప్పక ఏం చేస్తరు చెల్లె. నేనున్న గదా."

అందులో భయమేమీ లేదు. డ్రమ్మర్ ముత్యం అని టీవీ చెబితే, ఆ ముత్యమే గనిలో పనిచేసిన కిషన్ అని ఎవడు ముడిపెడతాడు? అందుకే జైపాల్ ధైర్యంగా మాటిచ్చాడు. అందుకే ఆదివారం నాడు ఆయన క్వార్టర్ ముందు గదిలో, ఏడుగురు అభిమానుల ముందు వరుసలో, గంజి పెట్టిన చీర కట్టుకుని సారవ్వ కూర్చుంది. జైపాల్ భార్య ఇచ్చిన చాయ్ చేతిలోనే చల్లారిపోయింది.

యాభై నిమిషాల కార్యక్రమంలో ముప్పై నిమిషాలు రఘురామే మాట్లాడాడు. కీబోర్డు వాయించినవాడు, ఆఫీసరు గారి అబ్బాయి, ఇప్పుడు గడ్డం పెంచి పుస్తకాల అల్మారా ముందు కూర్చున్నాడు. తన సంగీతం గురించి, తన ఒంటరితనం గురించి, తను చదివిన ఇంగ్లీషు పత్రికల గురించి చెప్పాడు. "మాకు డ్రమ్స్ వాయించే కుర్రాడు గనిలో చేసేవాడండీ, పాపం," అన్నాడు. ఆ పాపం అనే మాటకు ఆటో నడిపే అంజి పక్కనున్న దిండును ఒక్క గుద్దు గుద్దాడు.

అప్పుడు ఫొటో వచ్చింది. డ్రమ్ముల వెనక, నుదుటికి తువ్వాల కట్టుకుని, నవ్వుతూ ముత్యం. కింద అక్షరాలు పడ్డాయి. అవే అక్షరాలను గంభీరమైన గొంతొకటి చదివింది. "డ్రమ్మర్ కిషన్, బొగ్గు గని కార్మికుడు."

సారవ్వ ఫొటో పోయేదాకా చూసింది. ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి లేచింది.

"బియ్యం నానవెట్టొచ్చిన అన్న," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇక గ్రూపులో మంట లేచింది. హైదరాబాదులో ఉండే వేణుమాధవ్ ఒకప్పటి ఇంజనీరు గారి కొడుకు. బ్యాండు గురించి ఎవరు ఎప్పుడు తుమ్మారో కూడా రాసి పెట్టుకునే మనిషి. పద్నాలుగు తప్పులు పట్టి ఏకరువు పెట్టాడు. రెండో క్యాసెట్టు సంవత్సరం తప్పు, గిటారు తప్పు, చూపించిన స్టేడియం అసలు ఈ ఊరిదే కాదు. అంజి "గొంతు కోసిండ్రు" అని మూడుసార్లు పెట్టాడు. అందరికన్నా ఎక్కువ చిందులు తొక్కినవాడు జైపాల్. "తప్పంటె సంవత్సరం తప్పు రాస్తరు. ఇది తప్పు కాదు. ఆ మనిషిని రెండోసారి సంపిండ్రు. అందరు ఛానల్ పేజీల రాయుండ్రి, ఒక్కలు ఊకోవద్దు," అని రాశాడు. దానికి నలభై బొటనవేళ్ళు పడ్డాయి. ఆయనకు కొంచెం కడుపు చల్లబడింది కూడా.

సోమవారం పొద్దున్నే ఛానల్‌లో పనిచేసే సుహాసినికి ఫోన్ కొట్టాడు. మూడు నెలల కింద వివరాలు అడిగిన అమ్మాయి ఆమే. నమస్కారం కూడా పెట్టకుండా మొదలుపెట్టాడు.

"డ్రమ్మర్ పేరు కిషన్ అని మీకు చెప్పిన తెలివిగల్లోడు ఎవడు మేడం?"

"మీరే కదా సార్," అంది సుహాసిని.

"నేనెందుకు చెప్త? నాకు పిచ్చి లేసిందా?"

"మీ వాయిస్ మెసేజ్ ఉంది సార్ నా దగ్గర. పంపిస్తాను, వినండి. వినేసి మళ్ళీ చెయ్యండి."

విన్నాడు. వెనక హాజరు వేసే టైమ్ ఆఫీసు ముందర మనుషుల రొద. ఆ రొద మీదుగా తన గొంతే, స్పష్టంగా, గడగడా వస్తోంది. "రాసుకోండ్రి మేడం. పేరు కిషన్. టింబర్‌మన్. ఇంక్లైన్ గనిల చేసిండు, ముప్పై ఏండ్ల సర్వీసు."

రెండోసారి కూడా విన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సెకండ్ షిఫ్టు కోసం వరుసలో నిలబడి ఉన్నాడు. ఎదురుగా కిటికీలో క్లర్కు, పక్కన నలుగురు. ఆ అమ్మాయి "రికార్డుల్లో ఉన్నట్టు చెప్పండి సార్, పేరు, హోదా, సర్వీసు" అని మెసేజ్ పెట్టింది. ఇక ఆలోచించేదేముంది? రాసుకునేవాడు ఎవడు అడిగినా కిషన్ అనే చెప్పాలె. ఆ కట్టుబాటును ముప్పై ఏళ్ళు ప్రాణంగా కాపాడినవాళ్ళలో జైపాల్ ఒకడు. విచారణ అధికారి ముందు ఒకసారి, బ్యాంకు వాడి ముందు ఒకసారి నిలబడి, "ఈయన కిషనే సార్" అని సాక్షి సంతకం పెట్టినవాడు. నోరు దాని పని అది చేసుకుపోయింది. రాత్రంతా లోకాన్ని తిట్టిపోసినవాడికి ఇప్పుడు తన మొహం తనకే చూడబుద్ధి కాలేదు.

మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు లేవలేదు.

"తప్పు నాదే మేడం. ఎట్ల సరిచేయాలె?"

"బుధవారం సాయంత్రం మళ్ళీ వేస్తున్నాం సార్. ఆయన భార్యగారు ఒక ఉత్తరం మీద సంతకం పెట్టి పంపితే చాలు, మార్చేస్తాం. దిద్దుబాటు కూడా వేస్తాం, మొదటి ప్రసారంలో కిషన్ అని పేర్కొన్న వ్యక్తి అసలు పేరు ముత్యం అని."

జైపాల్ ప్రాణం లేచొచ్చింది. తెల్లకాగితం తీసి ఉత్తరం తనే రాశాడు. భర్త అసలు పేరు ముత్యం అని, కిషన్ అనేది గని రికార్డుల్లోని పేరు మాత్రమేనని రెండు వాక్యాలు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బండి మీద పది నిమిషాల్లో సారవ్వ క్వార్టర్ ముందు దిగాడు.

ఆమె వాకిట్లో పప్పు చెరుగుతోంది. జైపాల్ అరుగు మీద కూర్చుని, నీళ్ళు కూడా తాగకుండా చెప్పాల్సింది చెప్పేశాడు.

"టీవోళ్ళ తప్పు లేదు చెల్లె. గా పేరు నేనే చెప్పిన. లైన్ల నిలవడ్డ, రికార్డు పేరు అడిగింది, నోట్లకెల్లి అదే వచ్చింది. నాకు బుద్ధి లేదు."

సారవ్వ చేట ఆపింది. కాసేపటికి మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. తిడితే బాగుండుననిపించింది జైపాల్‌కు.

"ఆ కాయితమేంది?" అని అడిగింది.

చదివి వినిపించాడు. బుధవారం నాడు ఏం వేస్తారో చెప్పాడు. సంతకానికి పెన్ను కూడా తీశాడు.

"ఇంకోపారి సదువు."

మళ్ళీ చదివాడు. సారవ్వ చేట పక్కన పెట్టి, చేతులు చీరకొంగుకు తుడుచుకుంది.

"మా తిరుమల పొద్దున డ్యూటీకి పోయిండన్నా," అంది. "ఎవల కొడుకని పోయిండు?"

జైపాల్ పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ముత్యం పోయాక కొడుకు తిరుమలకు డిపెండెంటు ఉద్యోగం వచ్చింది. తండ్రి పేరు కిషన్ అని రాసి ఉన్న కాగితాల మీదే వచ్చింది. సారవ్వకు వచ్చే పింఛను కిషన్ భార్యకు వచ్చే పింఛను. డ్రమ్మర్ ముత్యం అని మొదటే చెప్పి ఉంటే ఎవరికీ ఏ చిక్కూ లేకపోయేది. ఇప్పుడు ఆ ఫొటో కింద గని కార్మికుడు కిషన్ అని లోకమంతా చూసింది. ఇక ముత్యం అనే మాట పలికితే, రెండు పేర్లనూ తామే ముడేసి కంపెనీ బల్ల మీద పెట్టినట్టు. దారి మూసింది జైపాలే. ఇంత చిన్న సంగతి కాగితం రాసేటప్పుడు తట్టలేదంటే, తను సారవ్వ కోసం తొందరపడ్డాడో, తన తప్పు కడుక్కోవడానికి తొందరపడ్డాడో ఆయనకే అర్థం కాలేదు.

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. గ్రూపులో వేణుమాధవ్ పెట్టిన సందేశం. "మిత్రులారా, జైపాల్ అన్న పిలుపు మేరకు ఛానల్ పేజీలో పెట్టాల్సిన వ్యాఖ్య సిద్ధం చేశాను. కిషన్ అనేది గని రికార్డుల్లోని మారుపేరు మాత్రమే, ఆయన అసలు పేరు ముత్యం. సాయంత్రం ఐదింటికి అరవై మందిమీ ఒకేసారి ఇదే పెడదాం."

జైపాల్ గబగబా సంగతి సారవ్వకు చెప్పాడు.

"ఆపన్నా," అంది ఆమె. "జల్ది ఆపు."

ఎట్లా ఆపాలి? కారణం చెబితే ఆ కారణమే అరవై మంది నోళ్ళలో పడుతుంది. వేణుమాధవ్ ఒక్కడికి చెప్పినా, నిజం నిరూపించే సరదాతో వాడు ఊరుకోడు. మిగిలింది ఒక్కటే దారి. జైపాల్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. పంపే ముందు చాలాసేపు చూశాడు. పంపాడు.

"ఏం రాసినవు? సదువు," అంది సారవ్వ.

"డ్రమ్మర్ పేరు కిషనే. ముత్యం అనేది మేము ముద్దుగ పిలిచిన పేరు. ఛానలోళ్ళు సరిగ్గనే చెప్పిండ్రు. నేనే ఆవేశపడ్డ. ఎవ్వరు ఏం రాయొద్దు."

ఆమె తల ఊపింది. ఫోన్ వరసగా మోగడం మొదలైంది. ఛానల్ వాళ్ళు ఎంత ముట్టజెప్పారని ఒకడు అడిగాడు. ఎనిమిదేళ్ళు స్పీకర్లు మోసిన మనిషి నోట ఈ మాట వస్తుందనుకోలేదని వేణుమాధవ్ రాశాడు. అంజి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. జైపాల్ ఫోన్‌ను బోర్లా పెట్టాడు. సారవ్వ ముఖం వంక చూడలేక వాకిలి వంక చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వొక్కనివే గా పేరు అనలేదు తీయన్నా," అంది ఆమె. "పెనిమిటి పేరు నోటితోని అనద్దు గదా మాకు. పెండ్లయినకాడికెల్లి నేను ఒక్కనాడు అనలే. దవాఖానల ఆఖరి దినం, పేరు వెట్టి గట్టిగ పిలువమ్మా, పలుకుతడేమో చూద్దామన్నడు డాక్టరు. మంచం కాడ కంపెనీ మనిషి కాయితాలు పట్టుకొని నిలవడ్డడు. కొడుకు నౌకరి యాదికొచ్చింది. కిషన్, కిషన్ అని పిలిచిన. ఆయన పలుకలే."