ఆరుతో ముగిసే వ్యాగన్ నంబరు

నాచారం గూడ్స్ ఆఫీసు గుమాస్తా దామోదర్‌కు మనుషుల మీద నమ్మకం తక్కువ, అంకెల మీద ఎక్కువ. 2008 వానాకాలంలో ఆ నమ్మకం కామరాజు మెడకు చుట్టుకుంది.

కామరాజు టెంపరరీ మనిషి. చెంగిచెర్ల నుంచి సైకిల్ మీద వచ్చి, పట్టాల వెంట నడిచి, వ్యాగన్ల నంబర్లు చీటీ మీద రాసిస్తాడు. దామోదర్ వాటిని కంప్యూటర్లో కొడతాడు. ఒకరోజు పైనుంచి ఫోనొచ్చింది. మీరు పంపిన జాబితాలోని 31090572146 వ్యాగన్ బండి కదిలిన రోజున విజయవాడలో ఉంది, మీ బండిలోకి ఎలా వచ్చింది అని.

"వాడు లైన్ మీదికి పోనే పోలే. చాయ్ బండి కాడ కూసొని రాసిండు," అని దామోదర్ అక్కడికక్కడే తేల్చేశాడు.

తనే తప్పు కొట్టి ఉండొచ్చన్న ఆలోచనను ఆయన దగ్గరికి రానివ్వలేదు. వ్యాగన్ నంబరుకు చివరి అంకె కాపలా మరి. సరి స్థానాల్లోని అంకెలు కూడి మూడింతలు చేసి, మిగతావన్నీ కలిపితే మొత్తం సున్నాతో ముగియాలి. ఒక్క అంకె తప్పు కొట్టినా ముగియదు. కూడాడు. ఎనభై. నంబరులో మచ్చ లేదు.

మేకుకు గుచ్చి ఉన్న కామరాజు చీటీని దామోదర్ తీశాడు. అందులో 72 చోట 27 ఉంది: 31090527146. దాన్నీ కూడాడు. తొంభై. అదీ మచ్చలేనిదే. దామోదర్‌కు ఒళ్లు మండింది. దొరికిపోయాక చీటీ మార్చాడన్నమాట, అదీ లెక్కకు నిలిచే నంబరు ఏరుకుని మరీ.

"గింత తెలివున్నోనివి, నిజం జెప్పరాదు?" అని కామరాజును పిలిపించి అడిగాడు.

"చూసిందే రాశానండి. వచ్చే నెల నన్ను పర్మనెంటు చేస్తున్నారు. మీ రిపోర్టు వెళ్తే అది పోతుంది. అంత పిచ్చిపని ఎందుకు చేస్తానండి?"

"నాకు గూడ గదే సమజైతలేదు."

కామరాజు మోసం ఎంత పకడ్బందీగా ఉందో పైవాళ్లకు చూపించాలని, దామోదర్ రెండు నంబర్లనూ పక్కపక్కన వేసి లెక్క రాయసాగాడు. 27 కాస్తా 72 అయితే సరి స్థానంలో అయిదు తగ్గింది, మూడింతల్లో పదిహేను. బేసి స్థానంలో అయిదు పెరిగింది. వెరసి పది తక్కువ. సున్నాతో ముగిసేది సున్నాతోనే ముగుస్తుంది.

పెన్ను ఆగింది. అయిదు తేడా ఉన్న పక్కపక్క అంకెలు తారుమారైతే కాపలా పనిచేయదు. దానికి తెలివి అక్కర్లేదు, తొందరలో కొట్టే వేలు చాలు. బండి చేరాక అవతలి స్టేషనువాళ్లు రాసుకున్న జాబితాను కంప్యూటర్లో తెరిచాడు. 31090527146 అక్కడ ఉంది. వ్యాగన్ల వరుసలో కూడా చీటీలో రాసిన చోటే ఉంది.

దామోదర్‌కు తల కొట్టేసినట్టయింది. రిపోర్టు చింపి, వేరే కాగితం రాసి, కామరాజును పిలిచాడు.

"తప్పు నాదే. నేనే ఉల్టా కొట్టిన. గట్లనే రాసి పంపుతున్న, సూడు."

కామరాజు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తిప్పి వెనకవైపు చూశాడు. జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"దీని మీద నేనెక్కడా సంతకం పెట్టనండి," అన్నాడు.